గుండీ అని రాస్తే

అక్టోబరు 3

ఈ రోజు ఆఫీసుకి ఏఐ వచ్చింది. డైరెక్టర్ గారు 'వచ్చింది' అనే అన్నారు, చుట్టం దిగినట్టు. తీరా చూస్తే కంప్యూటర్‌లో ఒక ఖాళీ పెట్టె. అందులో విషయం రాస్తే ఉత్తరం తయారు చేసి ఇస్తుంది. మా దగ్గర దాతలకి ఉత్తరాలు రాసేది నేను కాబట్టి ముందు నన్నే పిలిచి చూపించారు. నీకు పని తేలికవుతుందమ్మా అన్నారు. తేలికవడానికీ తేలిపోవడానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో నేను అడగలేదు.

కొత్త డైరీ కాబట్టి ఒక్కసారి రాసిపెట్టుకుంటాను. మాది పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్లకి మళ్లీ మాట నేర్పే చోటు. వచ్చేవాళ్లకి అరవై ఏళ్లున్నా విద్యార్థులనే అంటాం. ఏడాదికోసారి ప్రతి దాతకీ ఒక విద్యార్థి నుంచి ఉత్తరం వెళ్తుంది. 'నేను' అని మొదలవుతుంది. వాళ్లు రాయలేరు కాబట్టి నేను రాస్తాను. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి ఇది.

మాట పడిపోవడం, మాట పెగలడం, మాట దక్కడం, మాట తప్పడం. ఒక్క మాటకి ఎన్ని క్రియలో. బస్సులో వస్తూ ఇంకా ఏడు దొరికించుకున్నాను.

అక్టోబరు 4

నేనుండేది మా అక్కావాళ్లింట్లో. బావ నాకు 'నిఘంటువు' అని పేరు పెట్టాడు. ఉప్పు అందించమంటే ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చిందో చెబుతున్నానట.

అక్టోబరు 8

ఏఐ రాసిన మొదటి ఉత్తరం చూశాను. పాత బస్సు డ్రైవర్ గారి గురించి. బాగుంది. బాగుందని ఒప్పుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. వాక్యాలు అన్నీ ఒకే ఎత్తు, గోడకి అతికించిన టైల్సులా.

స్పీచ్ అక్క (మాట నేర్పేది ఆవిడే, అందరం అలాగే పిలుస్తాం) చదివి, చివర్లో ఆగింది. ఆయన తన ఇద్దరు మనవల పేర్లు పలకాలని తపిస్తున్నాడని ఉంది అందులో. డ్రైవర్ గారికి పెళ్లే కాలేదు.

"పెళ్లి కాకుండానే తాతని చేసేసింది" అన్నారు డైరెక్టర్ గారు. నవ్వి, ఆ వాక్యం కొట్టేశారు. ఇకనుంచి స్పీచ్ అక్క రాసే క్లాసు నోట్సులు దానికి ఇద్దాం, అందులో ఉన్నదే రాయమందాం, అప్పుడు కల్పించదు అన్నారు.

లేని మనవల్ని పుట్టించే దాన్ని ఉత్తరాలు రాయమనడం నాకు నచ్చలేదు. ఇది నా ఉద్యోగం గురించి కాదు.

అక్టోబరు 9

ఇది నా ఉద్యోగం గురించి కాదు.

అక్టోబరు 15

నా కొత్త పని: దాతలకి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగాలి. ఉత్తరం ఏఐ రాస్తే మీకు అభ్యంతరమా? రాసిందని మీకు చెప్పాలా? తెలిస్తే మా మీద మీ అభిమానం తగ్గుతుందా? వాళ్ల అభిప్రాయం బాగా తెలియడానికని కొందరికి ముందే ఏఐ ఉత్తరాలు పంపారు, ఎవరు రాశారో చెప్పకుండా.

బట్టల కొట్టాయన, "ఎవరు రాస్తే ఏంటమ్మా, నేను చదివితే కదా" అన్నాడు. ఒక డాక్టరమ్మ రసీదు ఏఐ ఇవ్వచ్చు గానీ కృతజ్ఞత ఇవ్వకూడదంది. ఒక కుర్రాయన, ఆ ఏఐ పనిలోనే ఉన్నవాడిలాగున్నాడు, చెప్పి రాయించండి నాకేం బాధ లేదు, దాచి రాయిస్తే మాత్రం ఆ నెలే ఆపేస్తానన్నాడు. ఒకావిడ ఏఐ వస్తే ఉత్తరాలు రాసేవాళ్ల జీతం మిగులుతుంది కదా, ఆ మిగిలింది రోగులకే పోతుందా అని అడిగింది. పోతుందన్నాను. "అయితే అదే మేలు. ఇంతకీ నువ్వేం చేస్తావమ్మా అక్కడ?" ఉత్తరాలు రాస్తానని చెప్పాను. అయ్యో అంది. చాలాసేపు అయ్యో అంది.

ఒక పెద్దాయన మాత్రం ఆశ్చర్యపోయాడు. "అంటే ఇప్పటిదాకా మనుషులే రాస్తున్నారా?" పోయిన ఏడాది ఉత్తరం చూసి ఏదో యంత్రమే రాసిందనుకున్నాడట. అంత నున్నగా ఉందట.

నున్నగా అనడం పొగడ్తే. పట్టుకి కూడా అదే మాట వాడతారు. బోడి గుండుకీ అదే వాడతారు.

అక్టోబరు 17

పంతులమ్మకి ఫోన్ చేశాను.

పంతులమ్మ అంటే రిటైరైన లెక్కల టీచర్. మా సాయంత్రం బ్యాచ్ నడిచేది ఆవిడ ఒక్కరి విరాళంతోనే. ఆ ఏడాది గడువు వచ్చే నెలాఖరుతో తీరిపోతుంది. ఆవిడ మళ్లీ ఇస్తే బ్యాచ్ ఉంటుంది, లేకపోతే ఇంట్లోవాళ్లు పగలు పనులకి వెళ్లడంతో సాయంత్రం మాత్రమే తోడు దొరికే ఆ ఆరుగురు విద్యార్థులూ ఇంట్లో కూర్చోవాలి. ఆ ఆరుగురిలో టైలర్ బాబాయ్ ఒకడు.

పోయిన ఏడాది బాబాయ్ పేరు మీద వెళ్లిన ఉత్తరం చదివే ఆవిడ ఈ విరాళం మొదలుపెట్టింది. నేను రాసిన మొదటి ఉత్తరం అది.

మొదటి ప్రశ్న పూర్తి కాకుండానే ఆవిడ అందుకుంది. ఏఐ మీద ఆవిడకి చాలా మాటలున్నాయి. గంటసేపు క్లాసు చెప్పే అలవాటున్న మనిషి కదా, ఒక్క చోట కూడా తడుముకోలేదు. చివరికి అంది: "మీరు పంపిన కొత్త ఉత్తరం చదివాను. టైలర్ గారిదే. ఇది ఏఐ రాసిందే కదూ?"

అవునండి అన్నాను.

"చూశావా, నాకు తెలిసిపోయింది. ఆయనకి మొదట తిరిగొచ్చిన మాట గుండీ అని రాసింది. పోయినసారి ఉత్తరంలో భార్య పేరని ఆయనే చెప్పాడుగా. నా దగ్గరుంది. తప్పు రాసింది కదా?"

అవునండి అన్నాను.

"దానికి గుండీకీ పెళ్లానికీ తేడా తెలీదమ్మాయ్. మా ఆయనకి మాట పోయి మూడేళ్లు మంచాన ఉన్నాడు. ఒక్క మాటా రాకుండానే పోయాడు. ఆ ఉత్తరంలో ఆ పేరు సంగతి చదివి నేను రెండు రోజులు అన్నం తినలేదు. అది మనిషి రాసిన మాట. మీరు ఏఐతోనే రాయిస్తానంటే నా పేరు తీసేయండి."

నోట్‌లో ఇలా రాశాను: దాతకు ఏఐపై నమ్మకం లేదు. కారణం: వాస్తవ దోషం.

రెండు ప్రశ్నలకీ నేను ఒకే జవాబు చెప్పాను. మొదటిదానికి అది నిజం.

అక్టోబరు 18

బాబాయ్ అన్నది గుండీ అనే. అప్పుడు నేనూ ఆ గదిలోనే ఉన్నాను. స్పీచ్ అక్క చొక్కా బొమ్మ చూపిస్తే, చాలా సేపు చూసి, దవడంతా కదిలించి, గుండీ అన్నాడు. పక్కనున్న పిన్ని (బాబాయ్ భార్య) పగలబడి నవ్వింది. నేను ఆ రోజే ఉత్తరం రాయాలి. గుండీ అని రాస్తే ఎవరి కళ్లు తడుస్తాయి? కాగితం మీద ఆ మాట ఎంత చిన్నగా ఉంటుందో చూశాను. మార్చాను.

అబద్ధం చెప్పాలనుకోలేదు. ఉన్నదాన్ని అమర్చాను. పూలదండ కట్టేవాళ్లు కూడా రెమ్మలు కత్తిరిస్తారు.

అక్టోబరు 20

డైరెక్టర్ గారు ఏఐ మానేద్దామన్నారు. డ్రైవర్ గారి మనవలు, ఇప్పుడు ఈ గుండీ, రెండు తప్పులు చాలట. నన్ను వచ్చే ఏడాదికి కూడా ఉంచుకుంటామన్నారు. పంతులమ్మ తన వాకింగ్ స్నేహితులందరికీ ఈ సంగతి చెప్పిందట, మనుషులతోనే రాయించే సంస్థ అని ఇద్దరు కొత్త దాతలు ఫోన్ చేశారట.

నేను గెలిచానని అనుకోవడం లేదు. మాట గెలిచింది.

అక్టోబరు 23

స్పీచ్ అక్క నన్ను టీ మెషీన్ దగ్గర ఆపింది. తన నోట్సులో గుండీ అనే ఉందని చెప్పింది. నాకు తెలుసన్నాను. నీకు తెలుసని నాకు తెలుసంది. కప్పు నిండే దాకా ఇద్దరం దాన్నే చూశాం.

"నువ్వెందుకలా రాశావో నాకు చెప్పకు. పంతులమ్మ నవంబరు మొదటి బుధవారం వస్తానంది. సంతకం పెట్టేముందు ఆయన నోట భార్య పేరు ఒక్కసారి వినాలట. డైరెక్టర్ గారు రండి రండి అన్నారు. పేరు రాకపోతే ఆయన ఏమవుతాడో నీకు తెలుసు కదా."

తెలుసు. ఆరునెలల కిందట బాబాయ్ వియ్యంకులు వచ్చి, ఏదీ నా పేరు చెప్పండి చూద్దాం అని చుట్టూ చేరి సరదా చేశారు. ఆ తర్వాత చాలా వారాలు నోరు తెరవలేదు. ఉన్న మాటలు కూడా పోయాయి. మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టారు.

అక్టోబరు 25

ఒక మార్గం ఉంది. ఇంకా పది రోజులున్నాయి. ఆయన ఆ పేరు నేర్చుకుంటే అది అబద్ధం కాదు. కాస్త ముందు రాసిన నిజం అవుతుంది.

అక్టోబరు 27

క్లాసు అయ్యాక బాబాయ్ కిటికీ పక్క కుర్చీలో పిన్ని కోసం చూస్తూ కూర్చుంటాడు. ఆమె ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వస్తుంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆమె పేరు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించాను. నెమ్మదిగా పలికాను. మూడక్షరాలే. పెదాలు ఎలా పెట్టాలో చూపించాను.

ఆయన నా పెదాల్ని కాదు, నా ముఖాన్ని చూశాడు. ప్రయత్నించాడు. గాలి వచ్చింది. మళ్లీ ప్రయత్నించాడు. మెడ నరాలు ఉబ్బాయి. ఇంకొక్కసారి బాబాయ్ అన్నాను. ఆయన కాగితం మడిచి నా చేతిలో పెట్టి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

అప్పుడు పిన్ని వచ్చింది. చేతిలో కాగితం దాచుకునేంత తెలివి నాకు లేకపోయింది. ఉన్నదంతా చెప్పాల్సి వచ్చింది. పోయిన ఏడాది ఉత్తరం సంగతి, ఏఐ రాసిన ఉత్తరం సంగతి, పంతులమ్మ సంగతి.

"మిషన్ రాసిందా? మా ఇంట్లో మిషనంటే ఒకటే, అది కాలితో తొక్కితే నడుస్తుంది" అంది. తర్వాత నా పక్కన కూర్చుని, కోపం లేకుండా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. "పిచ్చిపిల్లా, నోరు బాగున్నప్పుడు కూడా ఆయన నన్నెప్పుడూ పేరెట్టి పిలవలేదే. ఇదిగో, ఏమేవ్, ఎక్కడ చచ్చావ్. ముప్పై ఏళ్లు ఇంతే. ఇప్పుడెక్కణ్నుంచి తెస్తాడు? గుండీ అంటే రోజుకి వందసార్లు అన్నాడు. దాని పేరే ముందొస్తుంది మరి."

నేను మన్నించమన్నాను.

"నాకెందుకు, నన్ను ఉత్తరంలో మహారాణిని చేశావు. ఆయన్నడుగు" అంది.

బాబాయ్ వెనక్కి తిరగలేదు. ఈ రోజు క్లాసులో వచ్చిన మాటలు కూడా ఇంటికెళ్లేటప్పుడు అనలేదు.

అక్టోబరు 28

బాబాయ్ మాట్లాడలేదు.

అక్టోబరు 29

మాట్లాడలేదు. స్పీచ్ అక్క నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది.

అక్టోబరు 31

పంతులమ్మ ఇంటికి వెళ్లాను. డైరెక్టర్ గారికి చెప్పి వెళ్దామనుకున్నాను. చెబితే వెళ్లనివ్వరని చెప్పలేదు.

మూడో అంతస్తు. ముందు గదిలో ఒక మంచం, దాని మీద ఇప్పుడు పుస్తకాలు. ఆవిడ నేను ఫోన్‌లో ఊహించుకున్నంత పొడుగ్గా లేదు. కాఫీ ఇచ్చింది. కప్పు కింద పెట్టకుండానే చెప్పేశాను, పెడితే చెప్పలేనేమోనని. గుండీ అన్నదే నిజమండి, అప్పుడు నేనా గదిలోనే ఉన్నాను, ఏఐ సరిగ్గానే రాసింది, పేరు నేను కల్పించాను అన్నాను.

ఆవిడ లేచి లోపలికి వెళ్లింది. ఇక రాదనుకున్నాను. పోయిన ఏడాది ఉత్తరం, ఒక పెన్సిలు తీసుకుని వచ్చింది. నా ఎదురుగా కూర్చుని మొదటి వాక్యం మీద పెన్సిలు పెట్టింది.

"ఇది?"

ఆయన అనలేదండి. కానీ అలా అనుకుని ఉంటారని...

కొట్టేసింది. "ఇది?"

అదీ నాదేనండి.

"ఈ చీకటి గుహ?"

నాదే.

"దారం తెగిన సూది?"

అది నాకు చాలా ఇష్టమైన వాక్యం. నాదేనన్నాను. కొట్టేసింది. జవాబు పత్రం దిద్దినట్టు, తొందర లేకుండా, చివరిదాకా వచ్చింది. భార్య పేరు దగ్గర మాత్రం అడగలేదు. పెన్సిలు కూడా పెట్టలేదు. దాన్ని దాటి తర్వాతి వాక్యానికి వెళ్లింది. అన్నీ అయ్యాక చూస్తే రెండే మిగిలాయి. 'నేను టైలర్‌ని.' 'క్లాసు అయ్యాక కిటికీ పక్కన కూర్చుంటాను.'

"ఏఐ మీద నేనెన్ని మాటలన్నాను" అంది ఆవిడ. "పార్కులో అందరి ముందూ అన్నాను."

పెన్సిలు కాగితం పక్కన పెట్టింది.

"అది లేని మనవల్ని కల్పించిందని మీ డైరెక్టర్ చెప్పాడు. దానికి తెలియక కల్పించింది. నీకు తెలుసు. నువ్వా గదిలోనే ఉన్నావు."

అవునండి అన్నాను. ఈసారి ఒకే ప్రశ్న, ఒకే జవాబు.

బాబాయ్ మాట మానేశాడని, బుధవారం వచ్చి పేరు పలకమని అడగొద్దని, బ్యాచ్ సంగతి ఆవిడ ఇష్టమని, తప్పు నాదే కానీ ఆ ఆరుగురిది కాదని చెప్పాను. తడుముకుంటూ చెప్పాను. ఒక్క మంచి మాట కూడా తట్టలేదు.

ఆవిడ తలుపు తీసి పట్టుకుంది. వస్తానని గానీ రానని గానీ అనలేదు.

నవంబరు 3

డైరెక్టర్ గారికి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడిచారు. అరిస్తే వినడానికి సిద్ధపడి వచ్చాను. "ఏఐ డబ్బు కట్టొద్దని మొన్ననే చెప్పేశానే" అన్నారు. నా సంగతి బుధవారం తర్వాత చూద్దామన్నారు.

బావ ఏమైందని అడిగాడు. ఏమీ లేదన్నాను. నిఘంటువులో పేజీలు చిరిగినట్టున్నాయే అన్నాడు. మా అక్క అతన్ని గిల్లింది.

నవంబరు 5, బుధవారం

వచ్చింది.

ఉత్తరం తేలేదు. పెన్సిలు తేలేదు. డైరెక్టర్ గారు ముందు వరుసలో కుర్చీ వేయిస్తే తనే మోసుకెళ్లి వెనక గోడకి ఆనించుకుంది. స్పీచ్ అక్కతో, మీరు కానివ్వండి, నేను లేననుకోండి అంది.

క్లాసు మొదలైంది. డ్రైవర్ గారు నీళ్ల బొమ్మ చూసి నిప్పు అన్నాడు, తనే తల అడ్డంగా ఊపి, చాలా కష్టపడి నీళ్లన్నాడు. ఇంకొకావిడ పాటలోని మాటల్ని పాటగా పాడగలదు, విడిగా చెప్పలేదు. ఆవిడ పాడింది. టైలర్ బాబాయ్ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. స్పీచ్ అక్క ఆయన్ని ఏమీ అడగలేదు. ఆయన మాత్రం మాటిమాటికీ వెనక్కి తిరిగి ఆ కొత్త మనిషిని చూస్తున్నాడు.

గంట అయిపోవస్తుండగా ఆయన లేచాడు. కుడికాలు ఈడ్చుకుంటూ వెనక గోడ దాకా నడిచాడు. పంతులమ్మ ఎదుట నిలబడ్డాడు. నోరు తెరిచాడు. గదంతా ఆగింది. ఆయన దవడ ఒక పక్కకి వెళ్లి మళ్లీ వచ్చింది. ఆయన ఏమనబోతున్నాడో నాకు మూడు నాలుగు మాటలు తోచాయి. అన్నీ మంచి మాటలే. పళ్లు కరుచుకుని ఊరుకున్నాను.

"కూ..." అన్నాడు. చాలాసేపటికి, "...ర్చో" అన్నాడు.

తన టైలర్ కొట్టుకి వచ్చినవాళ్లతో అన్నట్టు అన్నాడు. ఆవిడ అప్పటికి గంట నుంచీ కూర్చునే ఉంది. ఎవరూ నవ్వలేదు. ఆవిడ లేచి నిలబడింది. ఆయన్ని చూస్తూ, మర్యాదగా, మళ్లీ కూర్చుంది.

బాబాయ్ సరేనన్నట్టు తల ఊపి తన చోటికి వెళ్లిపోయాడు.

వెళ్లేటప్పుడు గేటు దాకా నేనే వెళ్లాను. ఎవరూ వెళ్లమనలేదు. ఆవిడ ఆటో కోసం చూస్తూ, నా వైపు చూడకుండా మాట్లాడింది.

"ఆ మూడేళ్లూ చూడ్డానికి ఎవరొచ్చినా ఆయన తరఫున నేనే మాట్లాడేదాన్ని. బాగానే ఉందంటున్నారు, మీ అబ్బాయి చదువెలా ఉందని అడుగుతున్నారు, మీరొచ్చినందుకు సంతోషమంటున్నారు అని. ఆయన నా వైపు ఒక చూపు చూసేవాడు. ప్రేమనుకున్నాను. అందరికీ అలాగే చెప్పాను కూడా." ఆటో వచ్చింది. ఎక్కి కూర్చుంది. "ఒక్కసారి నోరు మూసుకుని చూడాల్సింది."

బ్యాచ్ ఆపొద్దని డైరెక్టర్ గారికి చెప్పమంది. తనకి ఇక ఉత్తరాలు పంపొద్దంది, నావి గానీ ఏఐవి గానీ. నెలకోసారి వచ్చి వెనక కూర్చుంటానంది.

నవంబరు 6

ఉత్తరాల పని ఉంటుందో ఉండదో ఇంకా తేలలేదు. ఈ ఒక్కటీ రాసిమ్మన్నారు డైరెక్టర్ గారు: పంతులమ్మ రాక గురించి, మిగతా దాతలకి పంపడానికి. పొద్దున్నే కూర్చున్నాను. సాయంత్రానికి ఇచ్చాను.

'బుధవారం ఒక దాత వచ్చారు. సాయంత్రం బ్యాచ్‌లో గంటసేపు కూర్చున్నారు. టైలర్ గారు ఆవిణ్ని కూర్చోమన్నారు. వచ్చే ఏడాది కూడా బ్యాచ్ ఉంటుంది.'

ఆయన కాగితం వెనక్కి తిప్పి చూశారు. వెనక ఏమీ లేదు. "ఇంతేనా? గేటు దగ్గర ఆవిడ నీతో ఏదో అన్నారట కదా. కాస్త పెంచమ్మా. పోనీ ఏఐ కనెక్షన్ ఇంకా నెలాఖరుదాకా ఉంది, దానికిస్తే పేజీ చేసిపెడుతుంది."

చేసిపెడుతుందండి అన్నాను.

ఆయన చేతిలోంచి కాగితం తీసుకుని, కవర్ల మీద అడ్రసులు రాయడం మొదలుపెట్టాను.